కాపాడేవాడి చేతిలో తుపాకీ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత నెల ఈ శీర్షికలో, అన్ని కాల్పులు జరుగుతున్నా అమెరికాలో తుపాకీ చట్టాలు ఎందుకు మారవని అడిగిన పాఠకుడికి జవాబిస్తూ, అక్కడ తుపాకీ మగతనానికి గుర్తుగా స్థిరపడిపోవడం ఒక ముఖ్య కారణమనీ, ఆ దేశపు సైనిక వ్యయం మీద కూడా దాని నీడ ఉందనీ రాశాను. ఆ ఒక్క వాక్యం మీద చాలా ఉత్తరాలు వచ్చాయి. కొందరు వివరం అడిగారు, కొందరు ఒప్పుకోలేదు, ఒక తల్లి తన కొడుకు గురించి రాశారు. అన్నిటికీ విడివిడిగా జవాబు రాయడం సాధ్యం కాదు కనుక ఆరు ఉత్తరాలను ఎంచుకుని ఈసారి శీర్షిక మొత్తాన్ని ఈ విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: అడవులు నరికి, కొత్త నేల మీద ఊళ్లు కట్టుకున్నవాళ్లు కాబట్టి అమెరికన్లకు తుపాకీ రక్తంలోనే ఉందని మా కళాశాలలో ఒక సహోద్యోగి వాదిస్తున్నారు. ఆత్మరక్షణ కోసం పుట్టిన అలవాటును మగతనానికి అంటగట్టడం సరైనదేనా?
— చరిత్ర అధ్యాపకురాలు, గుంటూరు

జవాబు: మీ సహోద్యోగి చెప్పినది అమెరికాలో కూడా చాలామంది నమ్మే కథ. అందులో కొంత నిజం లేకపోలేదు. ఆ నేల వాళ్లకు కొత్తదే గాని ఖాళీది కాదు; అక్కడి ఆదివాసుల నుంచి దాన్ని లాక్కోవడంలో, బానిసలను అదుపులో పెట్టడంలో తుపాకీ పాత్ర పెద్దది. అయితే ఈనాటి తుపాకీ మోజుకు ఆ కాలం నుంచి తెగని దారం ఒకటి వస్తోందని చెప్పడానికి చరిత్ర ఒప్పుకోదు.

అరిజోనాలోని టూంబ్‌స్టోన్ పట్టణం సంగతి చూడండి. పశ్చిమ సరిహద్దు వీరగాథలన్నిటిలోకి పేరుమోసిన ఓకే కొరాల్ కాల్పులు 1881 అక్టోబరు 26న జరిగింది అక్కడే. ఎదురెదురుగా నిలబడి, ముందుగా పిస్తోలు తీసినవాడే మగాడని సినిమాలు తరతరాలుగా చూపించిన ఘట్టానికి మూలం అది. కాని ఆ రోజు గొడవకు తక్షణ కారణం ఆ ఊరి తుపాకీ చట్టమే. పట్టణంలోకి వచ్చేవాళ్లు ఆయుధాలు అప్పగించి రావాలని అదే ఏడాది టూంబ్‌స్టోన్ ఒక శాసనం చేసుకుంది. దాన్ని పాటించని పశువుల కాపరుల నుంచి ఆయుధాలు తీసుకుంటానని ఊరి పోలీసు అధికారి వర్జిల్ ఎర్ప్ తన తమ్ముళ్లను వెంటబెట్టుకుని వెళ్లాడు. డాడ్జ్ సిటీ వంటి పట్టణాలలోనూ ఇటువంటి నిబంధనలుండేవి. సరిహద్దు ఊళ్లలో నిజంగా బతికినవాళ్లు తుపాకీని ఊరి బయట పెట్టించడమే క్షేమమనుకున్నారన్న మాట.

ఇక తుపాకీ ఇంటింటికీ ఎలా చేరిందో చూడాలంటే సరిహద్దును వదిలి తూర్పున కనెక్టికట్ నది లోయకు రావాలి. శామ్యూల్ కోల్ట్ రివాల్వరుకు 1836లో పేటెంటు పొందాడు, న్యూజెర్సీలో కర్మాగారం పెట్టాడు, కొనేవాళ్లు చాలక 1842 నాటికి అది మూతపడింది. తుపాకీ రక్తంలో ఉన్న జాతే అయితే అటువంటి వస్తువుకు గిరాకీ లేకపోవడమేమిటి? అతన్ని మళ్లీ నిలబెట్టింది మెక్సికో మీద యుద్ధం. 1847లో ప్రభుత్వం సైన్యం కోసం 1,000 రివాల్వర్లకు ఆర్డరిచ్చింది. ఆ డబ్బుతో, ఆ పేరుతో అతను హార్ట్‌ఫర్డ్‌లో కొత్త వ్యాపారం మొదలుపెట్టాడు. అదే లోయలో స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని ప్రభుత్వ ఆయుధశాల 1794లోనే మొదలైంది. ఒకేలాంటి విడిభాగాలను యంత్రాల మీద తయారుచేసే విద్య అక్కడ ప్రజాధనంతోనే పెరిగి ప్రైవేటు కర్మాగారాలకు చేరింది. యుద్ధం వచ్చినప్పుడు ప్రభుత్వం కొంటుంది. యుద్ధం ముగిశాక యంత్రాలు ఊరుకోవు, వాటికి పని కావాలి. అప్పుడు మామూలు జనంలో కొనేవాళ్లను వెతుక్కోవాలి. అవసరం లేనివాడి చేత కొనిపించాలంటే వస్తువుకు మరో అర్థం అతకాలి. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో వించెస్టర్ సంస్థ 10 నుంచి 16 ఏళ్ల అబ్బాయిలనే గురిగా పెట్టుకుని రైఫిళ్లు అమ్మే ప్రచారం నడిపింది. అసలైన అమెరికన్ అబ్బాయికి తుపాకీ కావాలనిపిస్తుందన్నది ఆ ప్రచారపు సారం. మగతనాన్ని నేను అంటగట్టలేదమ్మా, అమ్మినవాళ్లే అంటించి ఇచ్చారు.

మరొక్క మాట. ఈనాడు తుపాకీ హక్కుల కోసం గట్టిగా నిలబడే జాతీయ రైఫిల్ సంఘం 1871లో పుట్టినప్పుడు దాని ఉద్దేశం వేరు. అంతర్యుద్ధంలో తమ సైనికుల గురి బాగాలేదని బాధపడ్డ ఉత్తరాది అధికారులు లక్ష్యసాధన నేర్పడానికి దాన్ని పెట్టారు. 1977లో సిన్సినాటిలో జరిగిన వార్షిక సమావేశంలో పాత నాయకత్వాన్ని దించి, ఏ నియంత్రణకూ ఒప్పుకోనివాళ్లు దాన్ని చేజిక్కించుకున్నారు. ఆయుధాల హక్కు గురించి చెప్పే రాజ్యాంగపు రెండో సవరణ 1791 నాటిదే అయినా, పౌరసేనతో సంబంధం లేకుండా వ్యక్తికి ఇంట్లో తుపాకీ ఉంచుకునే హక్కు ఉందని సుప్రీంకోర్టు మొదటిసారి స్పష్టంగా చెప్పింది 2008లో. 1999లో ఏబీసీ న్యూస్, వాషింగ్టన్ పోస్ట్ సంస్థలు తుపాకీ ఎందుకు ఉంచుకున్నారని అడిగితే వేట కోసమన్నవారు 49 శాతం, రక్షణ కోసమన్నవారు 26 శాతం. 2023లో ప్యూ అనే సర్వే సంస్థ అడిగితే 72 శాతం మంది రక్షణ ఒక ముఖ్య కారణమన్నారు. మధ్యలో గడిచింది ఒక తరం. ఇంత వేగంగా మారేదాన్ని రక్తం అనడం కుదరదు.

ప్రశ్న: తుపాకీ కంపెనీలు మగతనాన్ని అమ్ముతున్నాయని మీరు అనడం అతిశయోక్తి కాదా? ఒక్క ఉదాహరణ చెప్పగలరా?
— డిగ్రీ విద్యార్థి, ఖమ్మం

జవాబు: ఒక్కటి చాలు. బుష్‌మాస్టర్ అనే సంస్థ ఏఆర్-15 తరహా రైఫిలుకు ఇచ్చిన ప్రకటనలో రైఫిలు బొమ్మ వేసి, మీ మగతనపు కార్డు మీకు తిరిగి జారీ అయినట్టే అనుకోండి అని రాసింది. పోగొట్టుకున్న గుర్తింపు కార్డును మళ్లీ ఇప్పించుకున్నట్టు, పోగొట్టుకున్న మగతనాన్ని ఈ రైఫిలు కొని తెచ్చుకోమని దాని అర్థం. ఈ రైఫిలు పుట్టుక కూడా గమనించండి. 1950లలో ఆర్మలైట్ సంస్థలో యూజీన్ స్టోనర్ రూపొందించిన నమూనాను 1959లో కోల్ట్ కంపెనీ కొనుక్కుంది. సైన్యం చేతిలో అది వియత్నాం యుద్ధపు ఎం-16 అయింది, ఒక్కో నొక్కుకు ఒక్కో తూటా పేల్చే రూపంలో బజారుకూ వచ్చింది. 1994లో దీనివంటి ఆయుధాల మీద పెట్టిన నిషేధం 2004లో గడువు తీరిపోయింది. ఇరాక్, అఫ్గానిస్థాన్ యుద్ధాల బొమ్మలు రోజూ టీవీలో కనిపిస్తున్న సమయమది. యుద్ధానికి వెళ్లని యువకుడికి, వెళ్లినవాడి చేతిలో ఉన్నటువంటిదే నీ చేతికీ ఇస్తామని చెప్పడం ఎంత సులువో ఆలోచించండి.

2012 డిసెంబరు 14న కనెక్టికట్ రాష్ట్రం న్యూటౌన్‌లో, శాండీ హుక్ ప్రాథమిక పాఠశాలలో, 20 ఏళ్ల కుర్రాడు 20 మంది పసిపిల్లలనూ ఆరుగురు పెద్దవాళ్లనూ చంపింది బుష్‌మాస్టర్ రైఫిలుతోనే. చనిపోయిన పిల్లలు ఆరేడేళ్ల వాళ్లు. ఆయుధం వల్ల జరిగిన నేరానికి తయారీదారు మీద దావా వేయడం 2005 నాటి సమాఖ్య చట్టం వల్ల దాదాపు అసాధ్యం. అందుకని బాధిత కుటుంబాలవాళ్లు కొందరు ప్రకటనలను పట్టుకున్నారు. అక్రమమైన ప్రచారంతో ఆయుధాన్ని అమ్మారని వాదించారు. కనెక్టికట్ సుప్రీంకోర్టు 2019లో ఆ దావా నడవవచ్చని చెప్పింది. 2022 ఫిబ్రవరిలో, బుష్‌మాస్టర్ రైఫిళ్లు తయారుచేసి, అప్పటికే దివాలా తీసిన రెమింగ్టన్ కంపెనీ తరఫున బీమా సంస్థలు తొమ్మిది కుటుంబాలకు 7.3 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నాయి. మగతనం గురించిన ఒక ప్రకటన కోర్టు దావాకెక్కిందంటే అందులో అతిశయోక్తికి చోటెక్కడ?

ప్రశ్న: నేను 22 ఏళ్లు సైన్యంలో పనిచేసి పదవీవిరమణ చేశాను. సైనిక బడ్జెట్‌ను శత్రువుల బలం, ఒప్పందాలు, సాంకేతిక అవసరాలు నిర్ణయిస్తాయి గాని ఎవరి మీసాలూ నిర్ణయించవు. దేశం కోసం ప్రాణమిచ్చేవాళ్లను మీసం మెలేసేవాళ్లతో కలిపి మాట్లాడటం నన్ను బాధించింది.
— మాజీ సుబేదార్, విజయనగరం

జవాబు: సుబేదార్ గారూ, మీ బాధను గౌరవిస్తున్నాను. సైనికుడి ధైర్యాన్ని నేను శంకించలేదు, శంకించను. మీరు చెప్పిన కారణాలన్నీ నిజమైనవే. చైనా నౌకాబలం పెరగడం, రష్యా యుక్రెయిన్ మీద దాడి చేయడం, పదుల దేశాలతో రక్షణ ఒప్పందాలు, 1973 నుంచి నిర్బంధ సైనిక సేవ లేకపోవడంతో జీతభత్యాలకే పెద్ద మొత్తం కావలసిరావడం, ఇవన్నీ అమెరికా బడ్జెట్‌లో ఉన్నాయి. నా ప్రశ్న వేరే చోట ఉంది. ఇంత అక్కర్లేదు, ఇక్కడ తగ్గిద్దాం అని ఎవరైనా అనబోయినప్పుడు వాళ్ల నోరు నొక్కేది ఏది?

ముందు మొత్తం ఎంతో చూద్దాం. స్టాక్‌హోమ్‌లోని శాంతి పరిశోధన సంస్థ లెక్క ప్రకారం 2024లో అమెరికా సైనిక వ్యయం 99,700 కోట్ల డాలర్లు, ప్రపంచమంతా కలిసి పెట్టిన ఖర్చులో 37 శాతం. మన రూపాయల్లో అది 80 లక్షల కోట్లకు పైమాటే. భారత ప్రభుత్వపు 2025-26 మొత్తం బడ్జెట్ 50 లక్షల కోట్ల చిల్లర. రెండో స్థానంలోని చైనా ఖర్చు అంచనా 31,400 కోట్ల డాలర్లు. అంత తేడా ఉన్నా అమెరికా రాజకీయాల్లో రక్షణ విషయంలో మెతకవాడు అన్న మాట పడితే నాయకుడు కోలుకోవడం కష్టం. 1960 ఎన్నికల్లో జాన్ కెన్నెడీ క్షిపణుల్లో అమెరికా సోవియట్‌ల కంటే వెనకబడిందని ప్రచారం చేశాడు. వెనకబడినది నిజానికి సోవియట్ యూనియన్. 1988లో డెమోక్రాటిక్ అభ్యర్థి మైఖేల్ డుకాకిస్ తాను మెతకవాణ్ణి కానని చూపించుకోవడానికి మిషిగన్‌లోని ఒక కర్మాగారంలో హెల్మెట్ పెట్టుకుని యుద్ధట్యాంకు ఎక్కి తిరిగాడు. ఆ దృశ్యాన్నే ప్రత్యర్థులు ప్రకటనగా మార్చి అతన్ని నవ్వులపాలు చేశారు. ఆ ప్రత్యర్థి జార్జ్ బుష్ సంగతి మాత్రం ఏమిటి? రెండో ప్రపంచ యుద్ధంలో యుద్ధవిమానం నడిపి, శత్రువు కాల్పులకు విమానం కూలి సముద్రంలో పడి బతికినవాడు. అతన్ని కూడా అంతకు ముందు ఏడాదే ఒక ప్రముఖ వారపత్రిక పిరికివాడన్న ముద్ర గురించి ముఖచిత్ర కథనం వేసి నిలదీసింది. నిజంగా యుద్ధం చేసినవాడికే ఆ ముద్ర తప్పకపోతే, ఇక బడ్జెట్ తగ్గిద్దామనేవాడి గతి ఏమిటో మీరే ఊహించండి.

వియత్నాం యుద్ధకాలపు అధ్యక్షుడు లిండన్ జాన్సన్ పదవి దిగాక తన జీవితచరిత్ర రాస్తున్న డోరిస్ కియర్న్స్‌తో చెప్పుకున్న మాట ఒకటుంది. వియత్నాంను వదిలేస్తే తనను పిరికివాడనీ, మగతనం లేనివాడనీ, వెన్నెముక లేనివాడనీ జనం అంటారన్న భయం తనను వెంటాడిందని అతను చెప్పుకున్నాడు. ఆ యుద్ధంలో అమెరికా సైనికులే 58,000 మందికి పైగా చనిపోయారు. వియత్నాం ప్రజల మరణాలు లక్షల్లో ఉన్నాయి. యుద్ధానికి కారణం ఆ భయమొక్కటే అనడం తప్పు. అంత భయం ఉన్న గదిలో వెనక్కి తగ్గడం గురించి నిదానంగా ఆలోచించడం కష్టమన్నది మాత్రం ఒప్పుకోక తప్పదు.

గది అన్నాను కాబట్టి ఒక గది గురించి చెబుతాను. అణు వ్యూహకర్తల మధ్య గడిపి వాళ్ల భాషను పరిశీలించిన కారల్ కోన్ అనే పరిశోధకురాలికి ఒక భౌతిక శాస్త్రవేత్త తన అనుభవం చెప్పాడు. అణుదాడి జరిగితే తక్షణం ఎంతమంది చనిపోతారో సహోద్యోగులతో లెక్కలు వేస్తుండగా, అంచనాలు కొంచెం మార్చితే 3 కోట్ల 60 లక్షలు కాస్తా 3 కోట్లకు తగ్గింది. బాగుంది, మూడు కోట్లే అని అందరూ తలలూపారు. అప్పుడు అతనికి తాము మాట్లాడుతున్నదేమిటో ఒక్కసారిగా వినబడి, మూడు కోట్లేనా, మూడు కోట్ల మనుషులా అని పైకే అనేశాడు. గదంతా నిశ్శబ్దమైపోయింది. ఎవరూ అతని వైపు చూడలేదు. తనకు అప్పుడు ఆడదాన్నైపోయినట్టు అనిపించిందని అతను చెప్పాడు. మన దగ్గర దీన్ని గాజులు తొడుక్కోవడం అంటాం. మనిషి ప్రాణం గురించి అడగడమే గాజులు తొడుక్కోవడంగా తోచే చోట ఎంత చదువుకున్నవాళ్లు కూర్చున్నా, కొన్ని ప్రశ్నలు బల్ల మీదికి రావు. మగతనం బడ్జెట్‌ను రాయదు, మీరన్నది నిజం. బడ్జెట్‌ను ఎవరు ప్రశ్నించగలరో, ఎవరు ప్రశ్నించలేరో అది తేలుస్తుంది.

చాలాసార్లు ప్రశ్నించగలిగినవాళ్లు మీవంటి సైనికులే కావడం నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది. ఐదు నక్షత్రాల సైన్యాధిపతిగా నార్మండీ దాడిని నడిపిన ఐసెన్‌హోవర్, అధ్యక్షుడయ్యాక 1953 ఏప్రిల్ 16న చేసిన ప్రసంగంలో, తయారైన ప్రతి తుపాకీ, నీళ్లలోకి దిగిన ప్రతి యుద్ధనౌక ఆకలిగొన్నవారి నుంచి దొంగిలించినదే అవుతుందని అన్నాడు. ఒక్క బాంబర్ విమానం ఖర్చుతో 30కి పైగా పట్టణాల్లో ఒక్కో ఇటుకల బడి కట్టవచ్చని లెక్క కూడా చెప్పాడు. 1961లో పదవి దిగిపోతూ సైన్యమూ ఆయుధ పరిశ్రమా కలిసిన శక్తి గురించి హెచ్చరించిందీ అతనే. అతని మగతనాన్ని ఎవరూ శంకించలేరు కనుక అతను ఆ మాట అనగలిగాడని నా నమ్మకం. 2012లో సైన్యాధిపతి జనరల్ ఒడియెర్నో కొత్తగా ఏబ్రామ్స్ ట్యాంకుల పని ఇప్పుడు అక్కర్లేదని చట్టసభకే చెప్పాడు. ఒహాయో రాష్ట్రం లీమాలోని ట్యాంకుల కర్మాగారం ఆగకూడదని రెండు పార్టీల సభ్యులూ పట్టుబట్టి డబ్బు మంజూరు చేశారు. అక్కడ ఉద్యోగాల లెక్క ఉంది, ఓట్ల లెక్క ఉంది. పైకి చెప్పడానికి మాత్రం దేశరక్షణ అన్న మాట ఉంది. ఆ మాటకు అడ్డం చెప్పేవాడు మెతకవాడైపోతాడు.

ప్రశ్న: అమెరికాలో ఆడవాళ్లు కూడా తుపాకులు కొంటున్నారు, నల్లజాతివాళ్లూ కొంటున్నారు. అలాంటప్పుడు ఇది మగతనం సమస్య ఎలా అవుతుంది?
— బ్యాంకు ఉద్యోగి, నెల్లూరు

జవాబు: కొంటున్నారు, నిజమే. 2023 ప్యూ లెక్కలో తమకు సొంత తుపాకీ ఉందన్న పురుషులు 40 శాతం, స్త్రీలు 25 శాతం. కరోనా కాలంలో మొదటిసారి తుపాకీ కొన్నవాళ్లలో దాదాపు సగం మంది స్త్రీలే. అయితే గుర్తు ఒకటే అయినా అది అందరి చేతిలోనూ ఒకే అర్థం ఇవ్వదు. 1967లో కాలిఫోర్నియాలో బ్లాక్ పాంథర్లు అనే నల్లజాతి హక్కుల సంఘంవాళ్లు చట్టం అనుమతించిన విధంగానే తుపాకులు బహిరంగంగా పట్టుకుని తమ వీధుల్లో పోలీసుల మీద నిఘా పెట్టారు. వెంటనే ఆ రాష్ట్రం గుండ్లు నింపిన తుపాకీతో బహిరంగంగా తిరగడాన్ని నిషేధించింది. సంతకం చేసిన గవర్నరు రోనాల్డ్ రీగన్. చట్టాన్ని సమర్థించినవాళ్లలో జాతీయ రైఫిల్ సంఘం కూడా ఉంది. 2016 జులైలో మిన్నెసోటాలో లైసెన్సు ఉన్న ఒక నల్లజాతి యువకుడు, తన దగ్గర తుపాకీ ఉందని పోలీసుకు తానే మర్యాదగా చెప్పిన కొన్ని క్షణాల్లో కారు సీట్లోనే కాల్పులకు బలయ్యాడు. తెల్లవాడి నడుముకున్న తుపాకీ రక్షకుడికి గుర్తు, నల్లవాడి నడుముకున్న అదే తుపాకీ ముప్పుకు గుర్తు. ఎవరి మగతనాన్ని సమాజం గౌరవిస్తుందన్న తేడా అది.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్ దగ్గర సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. ఆఫీసు స్నేహితులు షూటింగ్ రేంజికి తీసుకెళ్తున్నారట. పెళ్లైంది, చిన్న పాప ఉంది. కుటుంబాన్ని కాపాడుకోవడం మగవాడి బాధ్యత, ఇంట్లో ఒక పిస్తోలు ఉండాలి అంటున్నాడు. కాదంటే నీకు ఇక్కడి సంగతి తెలియదమ్మా అంటున్నాడు. నేనేం చెప్పాలి?
— ఒక తల్లి, వరంగల్

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివాక మిగతా జవాబులన్నీ పక్కనపెట్టి ముందు దీనికే రాశాను.

మొదట చట్టం. అతను హెచ్-1బి వంటి తాత్కాలిక వీసా మీద ఉంటే, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపుల్లో ఉంటే తప్ప, తుపాకీ ఉంచుకోవడం సమాఖ్య చట్టం ప్రకారం నేరం. జైలు శిక్ష ఉంటుంది, ఆ దేశంలో ఉండే అవకాశమే పోవచ్చు. గ్రీన్‌కార్డు వచ్చినవారికి ఈ నిషేధం లేదు. ఈ సంగతి అతనికి తెలుసో లేదో అడగండి; షూటింగ్ రేంజికి తీసుకెళ్లే స్నేహితులు పౌరులైతే వాళ్లకు ఈ ఆలోచనే రాదు.

రెండోది, కాపాడటం సంగతి. మీ అబ్బాయి కోరిక మంచిదే, దాన్ని తప్పుపట్టవద్దు. మిషిగన్‌లో కర్మాగారాలు మూతపడిన ఊళ్లలో తుపాకీ వెంటబెట్టుకుని తిరిగే పురుషులతో చాలాకాలం మాట్లాడిన జెన్నిఫర్ కార్ల్‌సన్ అనే సమాజ శాస్త్రవేత్త, సంపాదించి పోషించే పాత్ర చేజారిపోతున్నవాళ్లకు కాపాడేవాడి పాత్ర ఎంత ఊరటనిస్తుందో వివరించారు. పరాయి దేశంలో, వీసా భయాల మధ్య, ఉద్యోగం ఎప్పుడు పోతుందో తెలియని మీ అబ్బాయికి కూడా అటువంటి ఊరట కావలసి ఉండవచ్చు. కాని ఇంట్లో తుపాకీ ఎవరిని కాపాడుతుంది, ఎవరిని చంపుతుంది అన్నదానికి లెక్కలున్నాయి. 2023లో అమెరికాలో తుపాకీతో చనిపోయినవారు 46,728 మంది. అందులో హత్యలు 18,000 లోపు, ఆత్మహత్యలు 27,300. అంటే తుపాకీ మరణాల్లో సగానికి ఎక్కువ బయటి దొంగ వల్ల జరిగినవి కావు, తుపాకీ పట్టుకున్న మనిషే దానికి బలైనవి. ఆ మనుషుల్లో ప్రతి ఎనిమిది మందికి దాదాపు ఏడుగురు మగవాళ్లే. కాలిఫోర్నియాలో కోట్ల మందిని ఏళ్ల తరబడి గమనించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, పిస్తోలు ఉన్న పురుషులు తుపాకీతో ఆత్మహత్య చేసుకునే ప్రమాదం అది లేని పురుషుల కంటే దాదాపు ఎనిమిది రెట్లు ఉన్నట్టు తేలింది. స్త్రీలలో ఆ తేడా 35 రెట్లు. తుపాకీ ఉన్న ఇంట్లో మనుషులకు దిగులు ఎక్కువని కాదు. ఉద్యోగం పోయిన రాత్రి, భార్యాభర్తలు పోట్లాడుకున్న రాత్రి అందరి ఇళ్లలోనూ వస్తుంది. చాలా ఇళ్లలో తెల్లారుతుంది కూడా. చేతికందే దూరంలో తుపాకీ ఉన్న ఇంట్లో ఆ రాత్రి గడవడం కష్టమవుతుంది.

సైనికుల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే తుపాకీని అందరికంటే బాగా వాడటం తెలిసినవాళ్లు వాళ్లే. అమెరికా మాజీ సైనికుల్లో ఏటా 6,000 మందికి పైగా ఆత్మహత్య చేసుకుంటున్నారు, ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు తుపాకీతోనే. మగవాడు ఏడవకూడదు, సాయం అడగకూడదు అని నేర్పిన శిక్షణా, చేతికందే తుపాకీ, రెండూ ఒకే ఇంట్లో ఉన్నందువల్ల జరుగుతున్న నష్టమది.

అందువల్ల వాదన పెట్టుకోకండి. నీ కూతురికి ఆడుకునే వయసు, అలమారాలన్నీ తెరిచే వయసు, ఆ వస్తువు ఎక్కడ పెడతావు నాయనా అని అడగండి. స్నేహితుల ఇళ్లకు పాపను తీసుకెళ్లినప్పుడు తుపాకీలు తాళం వేసి, గుండ్లు వేరుగా పెట్టారా అని అడగమని చెప్పండి. అక్కడ ఈ మధ్య చాలామంది తల్లిదండ్రులు మొహమాటం లేకుండా అడుగుతున్నారు. తలుపులకు గట్టి తాళాలు, వీధి కెమెరా, పక్కింటివాళ్లతో మంచి సంబంధం, ఇవి కూడా కాపాడటమే. ఎప్పుడైనా అతని గొంతులో దిగులు వినిపిస్తే, అమెరికాలో 988 నంబరుకు ఫోన్ చేస్తే ఏ వేళలోనైనా మాట్లాడేవాళ్లుంటారని చెప్పి ఉంచండి. ముఖ్యంగా, ఉద్యోగం పోయినా నువ్వు మాకు తక్కువ కావని మీరు ఒకసారి నోరు తెరిచి చెప్పండి. మన ఇళ్లలో కొడుకులకు ఆ మాట చెప్పే అలవాటు లేదు.

ప్రశ్న: 2017లో కాన్సస్‌లో మన తెలుగు ఇంజినీరును కాల్చి చంపిన ఘటన గుర్తుకొస్తే ఇప్పటికీ వణుకు పుడుతుంది. దాన్ని జాతి ద్వేషం అనాలా, తుపాకీ సంస్కృతి అనాలా, మీరు చెబుతున్న మగతనం అనాలా?
— పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కోర్టు దాన్ని ద్వేష నేరంగానే తేల్చింది, అది సరైన పేరే. ఆ ఫిబ్రవరి 22 సాయంత్రం ఒలాతే పట్టణంలోని ఒక బార్‌లో ఇద్దరు తెలుగు స్నేహితులు పని ముగించుకుని కూర్చున్నారు. 51 ఏళ్ల తెల్లజాతి వ్యక్తి ఒకడు వాళ్ల దగ్గరికి వచ్చి, మీరు ఏ దేశంవాళ్లు, ఏ వీసా మీద వచ్చారు అని నిలదీశాడు, తిట్టాడు. అతన్ని బయటికి పంపేశారు. కొంతసేపటికి పిస్తోలుతో తిరిగి వచ్చి, నా దేశం నుంచి పొండి అని అరుస్తూ కాల్చాడు. ఒకరు చనిపోయారు, రెండోవారు గాయపడ్డారు. అతను ఒకప్పుడు నౌకాదళంలో పనిచేసినవాడు. మరుసటి ఏడాది అతనికి యావజ్జీవ శిక్షలు పడ్డాయి.

మీరు మూడు పేర్లు చెప్పి ఏదని అడిగారు. ద్వేషం అతన్ని వాళ్ల బల్ల దగ్గరికి నడిపించింది. బయటికి పంపించారన్న అవమానం తీర్చుకోవాలన్న పట్టుదల అతన్ని వెనక్కి తెచ్చిందని నేననుకుంటాను. తుపాకీ సులువుగా దొరకడం ఆ పట్టుదలను మరణంగా మార్చింది. దేశాన్ని తానే కాపాడుతున్నానన్న భ్రమ కూడా అతని అరుపులోనే వినిపిస్తోంది.

కాని ఆ బార్‌లో మరో మగవాడు కూడా ఉన్నాడు. 24 ఏళ్ల తెల్లజాతి యువకుడు, పేరు ఇక్కడ రాయడం లేదు, బల్ల కింద దాక్కుని తూటాలు లెక్కపెట్టుకున్నాడు. అయిపోయాయనుకుని, చేతిలో ఏమీ లేకుండా, హంతకుణ్ణి పట్టుకోవడానికి వెనకాలే పరిగెత్తాడు. లెక్క తప్పింది. ఒక తూటా అతని చేతిలోంచి దూసుకుని ఛాతీలోకి దిగింది. ఆసుపత్రి మంచం మీద నుంచి మాట్లాడుతూ, వాళ్లు ఎక్కడివాళ్లన్నది ముఖ్యం కాదనీ, సాటి మనుషుల కోసం ఎవరైనా చేయవలసిన పనే తాను చేశాననీ అన్నాడు. గాయపడి బతికిన మన తెలుగు యువకుడు తర్వాత అతన్ని చూడటానికి ఆసుపత్రికి వెళ్లాడు. ఆ తర్వాతి నెలలో హ్యూస్టన్‌లోని భారతీయులు అతను ఇల్లు కొనుక్కోవడానికి లక్ష డాలర్లు పోగుచేసి ఇచ్చారు.